నూరేళ్ల బండి.. మన ఊరి మేస్త్రీ

1920లలో మద్రాసు నుంచి సొంత కారులో తిరుపతి వచ్చిన షావుకారు ఎంత కలిగినవాడైనా అలిపిరి దగ్గర దిగాల్సిందే. అక్కణ్నుంచి కొండకు మెట్లదారే గతి. ఇవాళ్టి లెక్కలో అవి 3,550 మెట్లు. నడవగలిగినవాళ్లు గోవింద నామం చెప్పుకుంటూ ఎక్కేవారు, నడవలేనివాళ్లు డోలీ మాట్లాడుకునేవారు. కారు కిందే ఆగిపోయేది. తిరుమలకు తొలి ఘాట్ రోడ్డు తెరుచుకున్నది 1944 ఏప్రిల్ 10న. మోక్షగుండం విశ్వేశ్వరయ్య ప్రణాళిక తోడై, మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ హయాంలో ఆ దారి పడింది. అప్పటికి మద్రాసు వీధుల్లో మోటార్లు నలభై ఏళ్లుగా తిరుగుతున్నా ఏడుకొండలు వాటికి అందలేదు.

ఆ కాలపు బండ్లలో చూపు లాగేది రోడ్‌స్టర్. ఇద్దరు కూర్చునే కారు. నెత్తిన మడిచిపెట్టే గుడ్డ టాపు. పక్కలకు అద్దాలుండవు, వానొస్తే కిటికీ తెరలు తగిలించుకోవాలి. వెనక మూత ఎత్తితే ఇంకో ఇద్దరు ఆరుబయట కూర్చునే డిక్కీ సీటు. ఇంటిల్లిపాదీ ఎక్కే టూరర్ సంసారుల బండి. రోడ్‌స్టర్ కుర్ర జమీందారుకూ, తోటల దొరకూ, సరదా కోసం స్టీరింగ్ పట్టుకునే మనిషికీ తగింది. ముందు పొడవాటి బానెట్, నిటారుగా నిలిచిన రేడియేటరు, రెండు పెద్ద దీపాలు, పక్కన అడుగుబల్ల. ఈ రోజుకీ ఆ రూపం రోడ్డు మీద కనబడితే బస్సులో కూర్చున్నవాళ్లు కూడా లేచి చూస్తారు.

అలాంటి బండినొకదాన్ని కొని, తిరుపతిలోనో చిత్తూరులోనో విప్పి, బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించడం అయ్యే పనేనా? అవుతుంది. ఆ బండికి కావలసిన పనితనంలో సగానికి పైగా కంప్యూటర్లు తెలిసిన షోరూముల్లో దొరకదు. లేత్ షాపులో, కొలిమి దగ్గర, వడ్రంగి కొట్టులో, సీట్లు కుట్టే అంగడిలో దొరుకుతుంది. అవి ఇంకా మన ఊళ్లలో ఉన్నాయి. ఎన్నాళ్లుంటాయన్నదే నా బెంగ. అందుకే ఈ కథనం.

మద్రాసు నుంచి వచ్చిన దారి

ఈ ప్రాంతానికి మోటారు కారు మద్రాసు నుంచి వచ్చింది. ఆ మద్రాసు నేల 1639లో ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయింది చంద్రగిరి ఏలికల కాలంలోనే, వారి కింది నాయకుల ద్వారానే. మూడు శతాబ్దాలు తిరక్కుండానే అదే రేవులో దిగిన కార్లు చంద్రగిరి కోట పక్కగా పరుగులు తీశాయి.

మద్రాసులో కారు కొన్న తొలి భారతీయుడని పేరు పడ్డవాడు మనవాడే. తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. తెలుగు కోమటి కుటుంబం. మద్రాసు హైకోర్టు, ఎగ్మూరు మ్యూజియం ఆవరణలోని విక్టోరియా మెమోరియల్ హాలు వంటి ఎర్రటి కట్టడాలు లేపిన కాంట్రాక్టరు. ఆయన ఫ్రెంచి బండి డి డియోన్ నంబరు ఎంసీ-3. దాదాపు ఆ రోజుల్లోనే, 1903లో, సింప్సన్ కంపెనీకి చెందిన శామ్యూల్ జాన్ గ్రీన్ మద్రాసులోనే ఆవిరితో నడిచే కారు కట్టి చూపించాడు. గుర్రపు బగ్గీలు కట్టిన సింప్సన్ కార్ఖానాలో మోటారు బాడీలు కట్టడం మొదలైందంటే కొయ్యపనీ ఇనుపపనీ కలిసే ఆ చోటే దానికి సరైన పుట్టిల్లు.

చిత్తూరుకు కూతవేటు దూరంలోని వేలూరులో డాక్టర్ ఐడా స్కడర్ 1909లో ఒక చిన్న పెజో కారు తెప్పించుకుని, వారం వారం రోడ్డు పక్క చెట్ల కింద వైద్యం చేస్తూ తిరిగారు. ఈ వైపు పల్లెల్లో చాలామంది కళ్లారా చూసిన తొలి మోటారు బహుశా ఆ డాక్టరమ్మ బండే అయ్యుండాలి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. మద్రాసు నుంచి బెంగుళూరుకు పోయే పెద్ద రోడ్డు రాణిపేట దాటి చిత్తూరు మీదుగా మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు, ముళబాగల్, కోలారు పోతుంది. మద్రాసు ఉక్కపోత భరించలేక బెంగుళూరు చల్లదనానికి పరుగెత్తే దొరల కార్లు, వకీళ్ల కార్లు చిత్తూరులో ఆగి నీళ్లు పోసుకోక తప్పేది కాదు. ఎందుకు తప్పదో తర్వాత చెబుతాను.

ఏ బండ్లు? ఫోర్డ్ మోడల్ టీ ముందు వరసలో ఉంటుంది. 1908లో మొదలై 1927లో ఆగేనాటికి కోటిన్నర బండ్లు తయారయ్యాయి. మనకు కావలసిన కుడివైపు స్టీరింగ్ బండ్లు కెనడా ఫోర్డ్ నుంచి వచ్చేవి. దాని వెనకే 1927 చివర్లో వచ్చిన మోడల్ ఏ. ఇంగ్లండు నుంచి బొమ్మలా ఉండే ఆస్టిన్ సెవెన్, 1922లో పుట్టింది, ఇంజిను 747 సీసీ. మోరిస్, ఫియట్, డాడ్జ్ ఉన్నాయి. 1928లో జనరల్ మోటార్స్ బొంబాయి శివ్డీలో కూర్పు కార్ఖానా పెట్టి షెవర్లేలను ఇక్కడే బిగించడం మొదలెట్టింది. ఆ ఏడాది షెవర్లే నాలుగు సిలిండర్ల బండి, మరుసటి ఏడాది ఆరు. నూరేళ్ల కారు వెతికేవాళ్ల వేట ఎక్కువగా ఈ పేర్ల చుట్టూనే తిరుగుతుంది.

నాయుడుగారు విప్పిన బండి

పాత యంత్రాన్ని విప్పి బిగించడం గురించి మాట్లాడేటప్పుడు గోపాలస్వామి దొరస్వామి నాయుడును తలుచుకోకుండా ముందుకు పోలేను. జి.డి.నాయుడు అంటే తమిళనాడులో తెలియనివారు లేరు. కోయంబత్తూరు దగ్గర కళంగల్ అనే ఊళ్లో 1893లో, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టారు. చదువు అబ్బలేదు. ఒక రోజు ఊళ్లోకి ఒక తెల్ల అధికారి రడ్జ్ మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఎద్దూ గుర్రమూ లేకుండా నడిచే బండిని ఆ కుర్రాడు మొదటిసారి చూశాడు. అది తనకు కావాలనుకున్నాడు. కోయంబత్తూరు పోయి హోటల్లో సర్వరుగా చేరి, రూపాయి రూపాయి కూడబెట్టి, చివరకు ఆ రడ్జ్‌నే కొన్నాడు.

కొన్నాక ఎక్కి ఊరేగలేదు. పూర్తిగా విప్పాడు. ఏ ముక్క ఏ పని చేస్తుందో తెలుసుకుని మళ్లీ బిగించాడు. ఆయన బడి అదే. 1920లో ఒక బస్సు కొని పొళ్లాచ్చి, పళని మధ్య తనే నడిపారు. ఆ ఒక్క బస్సు యూఎంఎస్ అనే పెద్ద సంస్థగా ఎదిగింది. ఆ తర్వాత ఆయన పెట్టిన కార్ఖానాలు, పట్టిన పేటెంట్లు, నేర్పిన పనులు వేరే కథ. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో 2015లో తెరిచిన జీడీ కార్ మ్యూజియంలో ఈనాడు వరసగా నిలబడ్డ పాత కార్లు చూసినప్పుడు, అన్నిటికీ వెనక నేలమీద పరిచిన ఆ రడ్జ్ ముక్కలు నాకు కనిపిస్తాయి.

హైదరాబాదులో ఇంకో దారి చూడొచ్చు. చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరు ఇచ్చారు, కారు వచ్చేసరికి ఆయన లేరు. లోపల సింహాసనంలాంటి సీటు. పండగలకూ ఊరేగింపులకూ తప్ప బయటికి రాని బండి. దాన్ని చూస్తే చేతులు కట్టుకుని నిలబడాలనిపిస్తుంది. నాయుడుగారి రడ్జ్ గురించి వింటే చొక్కా చేతులు మడుచుకోవాలనిపిస్తుంది. రోడ్‌స్టర్ కొనేవాళ్లు ఏ వైపు మనిషో ముందే తేల్చుకోవడం మంచిది.

కొనేముందు

ఇలాంటి బండ్లు కొట్లో దొరకవు. పాత బంగళా గ్యారేజీలో, మూతపడ్డ మిల్లు షెడ్డులో, అన్నదమ్ముల పంపకాల్లో ఎవరికీ చెందక మిగిలిపోయిన కొట్టంలో ఉంటాయి. చెన్నై, కోయంబత్తూరు, బెంగుళూరు, హైదరాబాదుల్లో పాతకార్ల క్లబ్బులున్నాయి. నోటిమాటే ఈ సంతకు దళారి.

మా రాయలసీమ పొడి గాలి ఇక్కడ కలిసొస్తుంది. సముద్రపు ఉప్పుగాలి తాకిన మద్రాసు బండి రేకు కింద నుంచి తినుకుపోతుంది. పలమనేరు, మదనపల్లె మెరకల్లో కప్పు కింద నిలబడ్డ బండికి పైతుప్పే ఉంటుంది. ఐతే ఇదే ఎండ చెక్కను పీల్చేస్తుంది, దానికి తోడు చెదలు. 1920ల కారు బాడీ అంటే రేకు కాదు, లోపల చెక్క చట్రం, దాని మీద కొట్టిన రేకు. పైకి తలుపు నిలబడే ఉంటుంది, కీలు దగ్గర వేలితో నొక్కితే పొడి రాలుతుంది. అందుకే కొనేవాళ్లు దీపం పట్టుకుని కింద పడుకుని చూడాలి, స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి చూడాలి.

అసలు మోసం ఇంకోచోట ఉంది. టూరర్ బండ్లు ఎక్కువ దొరుకుతాయి, రోడ్‌స్టర్లు తక్కువ. ధర రోడ్‌స్టర్‌కే ఎక్కువ. అందుకని వెనక సీటు కోసేసి, తోక అతికించి రోడ్‌స్టర్ అని అమ్మేవాళ్లున్నారు. తలుపు పొడవు, వెనక చెక్క అతుకులు, ఛాసిస్ మీద బాడీ బోల్టుల పాత రంధ్రాలు నిజం చెప్పేస్తాయి. ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు పాత పుస్తకంతో కలవాలి. కలవకపోతే బండి ఎంత ముద్దొచ్చినా లేచి వచ్చేయాలి. పుస్తకం లేని బండికి కొత్తగా పుస్తకం పుట్టించడం ఇంజినుకు ప్రాణం పోయడం కన్నా కష్టం.

లేని భాగాల జాబితా రాసుకోవడం ఇంకా ముఖ్యం. తుప్పు పట్టినదాన్ని చూసి కొత్తది చేయించొచ్చు. అసలు లేనిదాన్ని ఏ కొలతతో చేయిస్తారు? దీపం అంచు రింగు, రేడియేటరు మూత, మాగ్నెటో, కార్బ్యురేటరు, వేగం చూపే మీటరు, ఇవి పోయిన బండి చవగ్గా వస్తుంది, చివరకు అదే ఖరీదు పడుతుంది. మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా ఫోర్డ్ టీ, ఫోర్డ్ ఏ, ఆస్టిన్ సెవెన్. ఈ మూడింటికీ అమెరికాలో, ఇంగ్లండులో ఇంకా కొత్త విడిభాగాలు తయారుచేసి అమ్ముతున్నారు. అంతగా పేరులేని బండి తెచ్చుకుంటే ప్రతి వాల్వూ లేత్ మీద పుట్టాల్సిందే.

చెక్క, ఇనుము, వైట్ మెటల్

విప్పడం మొదలెట్టే రోజే బండి బతుకు తేలిపోతుంది. తొందరపడి సుత్తి ఎత్తారా, అయిపోయింది. పట్టిన నట్టుకు నూనె పోసి, వేడి చేసి, మళ్లీ నూనె పోసి రోజులు ఆగాలి. ప్రతి ముక్కకూ చీటీ కట్టాలి, విప్పకముందే ఫొటో తీయాలి. వైరు ఏ బిగింపు కింద నుంచి పోయింది, వాషరు ఏ పక్క ఉంది, చెక్కకూ ఇనుముకూ మధ్య ఏ గుడ్డ పెట్టారు, అన్నీ రాసుకోవాలి. పానాల సంగతి ముందే తెలియాలి. ఇంగ్లీషు బండి బోల్టులు విట్‌వర్త్ కొలత, అమెరికా బండివి వేరు, మన షెడ్డులో ఉన్న మిల్లీమీటరు పానాలు రెండింటికీ సరిపోవు. సరిపోని పానాతో తిప్పితే నట్టు తల గుండ్రమై కూర్చుంటుంది.

ఇంజిను దగ్గర మన మేస్త్రీల అసలు పరీక్ష వైట్ మెటల్. ఇప్పటి ఇంజిన్లలో క్రాంక్ తిరిగే చోట రెడీమేడ్ షెల్లు వేస్తారు, అరిగితే పెట్టె తెరిచి కొత్తవి పెడతారు. 1920లలో అలాంటివి ఎక్కడివి? తగరంలో ఆంటిమొనీ, రాగి కలిపి కరిగించిన తెల్లని లోహాన్ని బేరింగు గూట్లో పోసేవారు. ముందు గూటికి కళాయి పట్టించాలి, లేకపోతే లోహం అంటుకోదు. కరిగిన లోహం వేడి ఎంతుందో పుల్ల ముంచి, అది కమిలే తీరు చూసి కనిపెట్టేవారు. పోశాక బోరు తీసి, క్రాంక్‌కు బ్లూ అనే గుర్తురంగు పూసి తిప్పి, రంగు అంటిన మెరకలను స్క్రేపరుతో గీకి, మళ్లీ బ్లూ పూసి, మళ్లీ గీకి, అంతటా సమంగా రంగు అంటేదాకా ఆ పని సాగుతుంది. గంటలు కాదు, రోజులు పడుతుంది. పాత ఆయిల్ ఇంజిన్లు, బియ్యం మిల్లులు, బావి పంపుసెట్లు బాగుచేసిన పెద్దతరం మేస్త్రీలకు ఈ విద్య వచ్చు. రైతు బావి దగ్గరి ఇంజిను మాయమయ్యేకొద్దీ ఆ విద్య కూడా మాయమవుతోంది. తిరుపతి ఆటోనగర్‌లోనో, చిత్తూరు లేత్ షాపుల్లోనో ఇలాంటి చేయి ఒకటి దొరికితే బండి కన్నా ముందు ఆ మనిషిని పట్టుకోవాలి. పక్కన ఒక కుర్రాణ్ని నిలబెట్టి చూడమనాలి, వీడియో తీయమనాలి.

బ్లాకు పోత ఇనుము. ఎప్పుడో నీళ్లు గడ్డకట్టో, ఎండిపోయి కాలిపోయో పగిలి ఉండొచ్చు. దాని మీద మామూలు వెల్డింగ్ పెట్టిస్తే పగులు పక్కకు పాకుతుంది. పగులు పొడుగునా చిన్న రంధ్రాలు వేసి, మరలున్న మేకులు ఒకదాన్నొకటి కరుచుకునేలా బిగించి కుట్టే పద్ధతి ఉంది. వేడి లేకుండా ఇనుమును కుట్టడం. ఓపికున్న లేత్ మనిషికి ఇది అసాధ్యం కాదు.

చక్రాల దగ్గరకు వస్తే మన ఎడ్లబండి వడ్రంగి గుర్తుకు రాక తప్పదు. ఆనాటి చాలా కార్లకు చెక్క ఆకుల చక్రాలే. మా ఎండకు ఆకులు ఎండి కుదించుకుపోయి, మలుపులో కిర్రుమంటాయి. చక్రం నీళ్లలో నానబెడితే బిగుసుకుంటుందని బండివాళ్లకు తెలుసు, ఆనాటి కారు డ్రైవర్లూ అదే చేసేవారు. అది ఆ పూటకే పనికొస్తుంది. ఆకులు పాడైతే కొత్తవి చెక్కించాల్సిందే. ఎంత వాలుగా, ఎంత బిగువుగా కూర్చోబెట్టాలో బండిచక్రం చేసిన చేతికి చెప్పనక్కర్లేదు. చట్రం వంపులు చెక్కే పనికి శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాల పేరు నాకు తోస్తుంది. దేవతామూర్తుల భుజాల వంపు కొయ్యలో తీసే ఆ ఊరి శిల్పులకు ఫెండరు మీది వంపు ఒక లెక్కా?

సీట్ల తోలు కోసం దూరం పోనక్కర్లేదు. రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి తోలు శుద్ధి కేంద్రాలు చిత్తూరు గడప దగ్గరే. లోపల స్పాంజి పెట్టకూడదు. స్ప్రింగుల మీద కొబ్బరి పీచు, దాని మీద పత్తి, దాని మీద తోలు. నడుముకు స్పాంజి కన్నా ఇదే హాయి, రూపం కూడా నాటిదే వస్తుంది.

మరిగే నీళ్లు, మారిన పెట్రోలు

చిత్తూరులో కార్లు నీళ్లకు ఎందుకు ఆగేవో చెబుతానన్నాను. మోడల్ టీలోనూ, ఆస్టిన్ సెవెన్‌లోనూ నీటిపంపు ఉండదు. కాగిన నీరు తేలికై పైకి పోయి రేడియేటరులో చల్లబడి కిందికి దిగుతుంది, ఆ తిరుగుడే పంపు. యూరపు చలికి అది చాలు. మే నెలలో రేణిగుంట రోడ్డు మీద, 40 డిగ్రీలు దాటిన ఎండలో, నీరు కుతకుతలాడుతుంది. పంపు తగిలిస్తే పోతుంది కదా అని చాలామంది అంటారు. నేనొప్పుకోను. రేడియేటరు కోర్ తీసి లోపలి పాచి పూర్తిగా కడిగించి, అతుకులు మళ్లీ టంకం పెట్టించి, బ్లాకులో పేరుకున్న మడ్డి గీకి తీస్తే ఆ బండి తన పాత పద్ధతిలోనే నడుస్తుంది. మధ్యాహ్నం మూడింటికి నడపకుండా ఉంటే సరి.

పెట్రోలు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఈ ఇంజిన్లలో ఒత్తిడి తక్కువ. మోడల్ టీలో గాలి మిశ్రమం నాలుగో వంతుకు మించి నలగదు. కాబట్టి ఆక్టేన్ బెంగ లేదు. సీసం కలిపిన పెట్రోలు 1923లోగాని అమ్మకానికి రాలేదు, కాబట్టి సీసం బెంగా లేదు. చిక్కంతా ఇప్పటి పంపుల్లో పోసే 20 శాతం ఇథనాల్‌తో. పాత కార్బ్యురేటరు లోపలి తేలియాడే బిళ్ల బెండుతో చేసింది, పైన లక్క పూత. లక్క సారాయిలో కరుగుతుంది. ఇథనాల్ దాన్ని కరిగించి, జిగురు జెట్టులో అడ్డం పడేస్తుంది. ఇంజిను ఎందుకు ఆగిందో అర్థంకాక మాగ్నెటో విప్పుకుంటూ కూర్చునేవాళ్లున్నారు. బెండు బదులు ఇత్తడి బిళ్ల పెట్టించి, రబ్బరు గొట్టాలు ఇథనాల్ తట్టుకునేవి వేసి, నిలబెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేస్తే గొడవ తీరుతుంది.

కరెంటు ఆరు వోల్టులది. పన్నెండు వోల్టులకు మార్చమని ప్రతి ఎలక్ట్రీషియనూ అంటాడు. మార్చనక్కర్లేదు. దీపం మందంగా ఉందంటే తొంభై శాతం కేసుల్లో ఎర్త్ సరిగా లేదనే అర్థం అని పాత చేతులు చెబుతాయి. లావు వైరు వేసి, బిగింపుల కింద పెయింటు గీకితే వెలుగు వస్తుంది. బ్యాటరీల ఊరు కరకంబాడి పక్కనే ఉండగా ఆరు వోల్టుల బ్యాటరీకి మనం ఎక్కడికో చూడాల్సిన పని కూడా లేదనుకుంటాను.

మెరుపు ఎంతవరకు

ఇక్కడే నాకు మనవాళ్లతో పేచీ. బండి పూర్తయ్యాక పెళ్లికొడుకులా మెరవాలనుకుంటారు. అద్దంలాంటి పాలియురెథేన్ రంగు, బంపరు నుంచి నట్టుదాకా క్రోమియం. అది 1926 కారు కాదు, నిన్న తయారైన బొమ్మ. 1920ల్లో ఎక్కువ బండ్లకు మెరుపు నికెల్ పూతతో వచ్చేది. క్రోమియం ఆ దశాబ్దం చివర్లో గాని రాలేదు. నికెల్‌లో కొంచెం పసుపుఛాయ, వెచ్చటి మెరుపు. అది చూసిన కంటికి క్రోమియం చల్లగా, కరుగ్గా ఉంటుంది. ఫోర్డ్ టీ 1914 నుంచి 1925 దాకా నలుపులోనే వచ్చింది. ఆ ఏళ్ల బండికి ఎర్రరంగు వేయడం చరిత్రను కొట్టేయడమే. త్వరగా ఆరే డ్యూకో రంగులు 1923 తర్వాతే వచ్చాయి, రంగురంగుల బండ్ల కాలం దాంతో మొదలైంది.

పాతకార్ల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా టురిన్ చార్టర్ అనే పత్రం రూపొందించింది. దాని సారం, ఉన్నదాన్ని కాపాడు, తప్పనిసరైతేనే మార్చు, మార్చినది రాసిపెట్టు. ఇది మనకు కొత్తేం కాదు. గుడి గోపురం బాగుచేయడంలో పాత శిల్పం మీద సిమెంటు మెత్తితే మనకు మనసొప్పదు కదా. బండి తలుపు మీద నాటి రంగు సగం నిలిచి ఉంటే దాన్ని కడిగి, మైనం పట్టించి ఉంచితే చాలు. సీటు తోలుకు పగుళ్లుంటే లోపల గుడ్డ వేసి కుట్టించొచ్చు. ఎనభై ఏళ్ల క్రితం ఎవరో ఊళ్లో కమ్మరితో అతికించిన ఫెండరు బద్ద కనబడితే నేనైతే దాన్ని పీకను. అది కూడా ఆ బండి నడిచిన బతుకే.

కాగితాలు

కేంద్రం 2021 జులైలో పాతబండ్లకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న రెండు చక్రాల, నాలుగు చక్రాల సొంత వాహనాలు వింటేజ్ కింద నమోదవుతాయి. ఛాసిస్, బాడీ, ఇంజినుల్లో పెద్ద మార్పులుండకూడదు. మెరుపు పేచీలో నా మాటకు చట్టం బలం కూడా ఉందన్నమాట. పరివాహన్ వెబ్‌సైటులో దరఖాస్తు, బీమా, పాత ఆర్‌సీ ఇవ్వాలి. బయటి దేశం నుంచి తెచ్చినదైతే కస్టమ్స్ పత్రమూ కావాలి. కొత్త నమోదుకు రూ.20,000, పదేళ్లు చెల్లుతుంది, మళ్లీ చేయించుకోవడానికి రూ.5,000. నంబరులో రాష్ట్రం అక్షరాల పక్కన వీఏ అని వస్తుంది. మన జిల్లా ఏపీ 03ని, తర్వాత వచ్చిన ఏపీ 39ని పక్కన పెట్టి ఏపీ వీఏ అని ప్లేటు రాయించుకోవచ్చు.

దానితోపాటు ఒక కట్టుబాటు. ఈ బండిని రోజువారీ పనులకు, కిరాయికి తిప్పకూడదు. ర్యాలీకి, ప్రదర్శనకు, పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. కొందరికి ఇది కష్టంగా తోస్తుంది. మన రోడ్ల మీది లారీల మధ్య వెనక చక్రాల బ్రేకు మాత్రమే ఉన్న బండి తిరగకుండా ఉండడమే దానికి మేలు.

స్టార్టు

బండి నడపడం తెలిసిన డ్రైవరు కూడా మోడల్ టీని కొత్తగా నేర్చుకోవాలి. కింద మూడు పెడళ్లు, అందులో యాక్సిలరేటరు లేదు. ఎడమది తొక్కితే మొదటి గేరు, వదిలితే రెండోది, మధ్యది వెనక్కి, కుడిది బ్రేకు, అది కూడా గేర్‌బాక్సును పట్టేది. వేగం, మంట సమయం రెండూ స్టీరింగ్ కింది మీటలతో. ముందు హ్యాండిలు తిప్పేటప్పుడు మంట మీట వెనక్కి తోసి ఉండాలి. మరిచిపోతే హ్యాండిలు ఎదురుతన్ని మణికట్టు విరుస్తుంది. బొటనవేలిని హ్యాండిలు మీదికి మడవకుండా మిగతా వేళ్ల పక్కనే ఉంచమని పాత డ్రైవర్లు చెప్పేది అందుకే.

ఘాట్ సంగతి. మోడల్ టీలో పెట్రోలు ట్యాంకు సీటు కింద ఉంటుంది, పంపు లేదు, తనంతట జారి ఇంజినుకు రావాలి. బాగా నిటారు ఎక్కుడులో ట్యాంకు కన్నా ఇంజిను ఎత్తులో పడి పెట్రోలు అందదు. పైగా ఆ బండికి వెనక్కి గేరే ఎక్కువ బలం. అందుకని కొండ ఎదురైతే బండి తిప్పి వెనక్కి ఎక్కించేవారు. తిరుమల తొలి ఘాట్ రోడ్డు 36 మలుపులు వెనక్కి ఎక్కడం ఊహించుకోండి. ఇప్పుడు ఆ దారి దిగడానికే వాడుతున్నారు, ఎక్కేవాళ్లకు 1974లో తెరిచిన రెండో రోడ్డు ఉంది. దిగుడులోనే ఆ బండికి ఎక్కువ ప్రమాదం, ఒక్క గేర్‌బాక్సు బ్రేకు మీద అంత వాలు నమ్మకూడదు. నూరేళ్ల క్రితంలాగే దాన్ని అలిపిరిలో ఆపి, మెట్లెక్కి పోయి దర్శనం చేసుకోవడం మేలని నా అభిప్రాయం.

తొలి పరుగుకు తిరుపతి నుంచి చంద్రగిరి దాకా దారి చాలు. పొద్దున్నే, రద్దీ లేని వేళ, వెనక ఇంకో బండి తోడుగా. గంటకు 30 కిలోమీటర్లు దాటించకూడదు. తిరిగొచ్చాక ఆయిల్ దింపి గుడ్డలో వడకట్టి చూడాలి, తెల్లటి రవ్వలు కనబడితే బేరింగు మళ్లీ విప్పాల్సిందే. కనబడకపోతే ఇంజిను పూర్తిగా చల్లారనిచ్చి, సిలిండరు తల నట్లు మధ్య నుంచి అంచులకు వరసగా మళ్లీ బిగించాలి. చక్రాల ఆకులు ఒక్కొక్కటే చేత్తో తట్టి వినాలి, వదులుగా ఉన్నది వేరుగా పలుకుతుంది. బెల్టులు, గొట్టాలు, గ్రీజు కప్పులు చూసుకున్నాక రెండో రోజు పాకాల రోడ్డు పట్టొచ్చు.